ముందు ఆగాలి, తరువాతే సాగాలి



మన సంఘము జీపు గురించి ఈ మధ్య చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. "అయ్యగారూ, ఆ పాత ఇనుముకి ఇంత ఖర్చెందుకండి? అమ్మేసి ప్రహరీ గోడ కట్టుకుంటే పోదా?" అని కొందరు. "ఎలాగూ బాగుచేస్తున్నారు కదండీ, పెద్ద టైర్లు వేసి, పైన లైట్ల బారు పెట్టించండి" అని మన యవ్వనస్థులు కొందరు. ఈ రెండు మాటలకూ జవాబు ఒకటే కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాము.

మనది మహీంద్రా ఎం.ఎం. 540. మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలుపెట్టిన వంశంలోనిదే ఇది. లోపలి ఇంజను మాత్రం ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ రూపకల్పన. 2112 సి.సి., నాలుగు సిలిండర్ల డీజిల్. ఇందులో కంప్యూటరు లేదు, సెన్సార్లు లేవు. పానాల సెట్టు, జాకీ, గ్రీజు గన్ను, ఓపిక ఉంటే ఇంటి ముందు చెట్టు కిందే చాలావరకు పని చేసుకోవచ్చు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది కాబట్టి బురదలో, వాగు ఒడ్డున వేరే బండ్లు ఆగిపోయే చోట ఇది ఎక్కగలదు. చింతపల్లి నుండి లోపలి పల్లెలకు వెళ్లే దారులు తెలిసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు.

మూడు వానాకాలాలు ఆ జీపు మన ఆవరణలో చింతచెట్టు కింద కదలకుండా ఉండిపోయింది. మూడో వానాకాలంలో కొండమీది గూడెం నుండి మన సంఘపు మామ్మగారిని డోలీలో మోసుకొచ్చారు. నలుగురు మనుషులు, రెండు వాగులు, నాలుగు గంటల నడక. రోడ్డు కనబడే చోటికి వచ్చేసరికి ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. జీపు ఉంటే బ్రతికేవారా అన్నది దేవునికే తెలుసు. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కాని ఆ సమాధి కార్యక్రమమైన తరువాత ఆ డోలీ కర్రను చూసి మన స్త్రీల సమాజంవారు ఇంటికి వెళ్లలేదు. అక్కడే కూర్చుని, పిడికెడు బియ్యం డబ్బు జీపుకి ఇస్తామని తీర్మానించారు. వండే ముందు తీసిపెట్టిన పిడికిళ్లు అవి. ఆ డబ్బుతో కొన్న ఏ వస్తువైనా మాకు కానుక పళ్లెంలో ఉన్నట్టే అనిపిస్తుంది.

లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పారు. మేమూ కూర్చున్నాము. ముందు ఏది అన్నదే అసలు లెక్క. బండి కదలకుండా ఉంది కాబట్టి ముందు ఇంజను అని ఎవరికైనా తోస్తుంది. మేము బ్రేకులతో మొదలుపెట్టాము. ఘాట్ రోడ్డులో ఎక్కలేని బండి మనల్ని ఇంటి దగ్గరే కూర్చోబెడుతుంది. ఆగలేని బండి లోయలోకి తీసుకెళ్తుంది.

ముందుగా చక్రాల వెనుక రాళ్లు పెట్టి, చట్రం కింద దుంగలు పేర్చాము. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదని మన పిల్లలకు గట్టిగా చెప్పాము. డ్రమ్ములు విప్పితే వీల్ సిలిండర్ల రబ్బర్లు పగిలి, బ్రేకు ఆయిలు కారి, లైనర్లు తడిసి ఉన్నాయి. బ్రేకు ఆయిలుకు ఒక గుణం ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్లు గడిస్తే చూడటానికి నిండుగానే ఉంటుంది గాని, దిగుడులో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ నీరు మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ నేలకు అంటుకుపోతుంది. రబ్బరు ముక్క బొటనవ్రేలంత. కాని పదిమంది ప్రాణాలు దాని మీద ఉన్నాయి. బలహీనంగా కనబడే అవయవాలే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు ఎందుకు రాశాడో డ్రమ్ము ముందు కూర్చున్నప్పుడు మాకు బాగా అర్థమైంది.

తరువాత ఇంజను. పెట్రోలు ఇంజనులా డీజిల్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కితే ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. కాని లంబసింగి చలిలో ఇనుమే మంచులా ఉంటే ఆ వేడి చాలదు. అందుకే హీటర్ ప్లగ్గులు. కొన్ని క్షణాలు ఆగి వేడెక్కనిస్తే ఒక్క పిలుపుకే పలుకుతుంది. ఆగకుండా తాళం తిప్పుతూ ఉంటే బ్యాటరీ అయిపోతుంది. ఉదయ ప్రార్థన లేకుండా పరుగెత్తేవారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

డీజిల్ గొట్టంలో కాస్త గాలి చేరినా ఇంజను పలకదు. ట్యాంకు నిండుగా ఉంటుంది, బ్యాటరీ బాగుంటుంది, అయినా మౌనం. ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి. పొగ కూడా మాట్లాడుతుంది. నల్ల పొగ అయితే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదు. నీలం పొగ అయితే ఇంజనాయిలు కాలుతోంది. తెల్లపొగ వేడెక్కిన తరువాత కూడా ఆగకపోతే డీజిల్ కాలకుండానే పోతుండవచ్చు, లేదా నీళ్లు లోపలికి దిగుతుండవచ్చు. పొగ గొట్టానికి రంగు వేస్తే పొగ రంగు మారదు కదా.

పంపు, నాజిళ్ల పని మాత్రం మేము ముట్టుకోలేదు. అది పరీక్షించే యంత్రం మీద చేయవలసిన పని. విప్పి నర్సీపట్నం పంపాము. మన చేతితో అయ్యేది ఏది, తగినవారికి అప్పగించవలసినది ఏది అని తెలుసుకోవడం కూడా జ్ఞానమే.

ఇక టైర్లు, లైట్ల సంగతి. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మన తమ్ముడొకరు వెడల్పు చక్రాలకు, లైట్ల బారుకు, రెండు ప్రక్కలా సంఘము పేరు రాయించడానికి ప్రేమతో డబ్బు పంపారు. ఆ డబ్బు కమాను కట్టలకు, కొలత సరిపోయే కొత్త టైర్లకు వాడుకోనిమ్మని మేము అడిగాము. పెద్ద చక్రం వేస్తే దాన్ని తిప్పడానికీ, ఆపడానికీ ఎక్కువ బలం కావాలి. మనం అంత కష్టపడి చేసిన బ్రేకే బలహీనపడుతుంది. పైగా రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే స్థిరపరచింది. ఆ తమ్ముడు నొచ్చుకున్నారు. రెండు నెలలు ఫోను చేయలేదు. మా ఇంట్లో రోజూ ఆయన పేరెత్తి ప్రార్థన చేశాము. క్రిస్మస్‌కు వచ్చి, ఎవరూ పిలవకుండానే లుంగీ కట్టుకుని బండి కింద పడుకుని కమాను బోల్టులు బిగించారు. కొత్త చక్రాలకన్నా ఆ మధ్యాహ్నం మాకు ఎక్కువ విలువైనది.

మేము కోరి చేసుకున్న ఏర్పాటు ఒక్కటే. వెనుక సీట్ల మీద పరచే చెక్క బల్ల, దాన్ని కట్టే తాళ్లు. వెల్డింగు లేదు, ఎప్పుడైనా తీసేయవచ్చు. డోలీలోని మనిషిని అలాగే పడుకోబెట్టవచ్చు. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువుగలవానిని నలుగురు మోసుకొచ్చారు. ఇంటి కప్పు విప్పినవారి పేర్లు మనకు తెలియవు. ప్రభువు వారి విశ్వాసము చూచెను. అదే చాలు.

మొన్న ఆషాఢం వానలో, రాత్రి పదకొండు దాటాక, ఆ బల్ల మీద ఒక నిండు చూలాలు ప్రయాణం చేసింది. వాళ్లు మన సంఘంవారు కారు. మేమూ అడగలేదు. లో గేరులో దిగుతూ ప్రతి మలుపులో పెడల్ మీద కాలు పెట్టినప్పుడు పిడికెడు బియ్యమే జ్ఞాపకం వచ్చింది. బ్రేకు పట్టింది. తల్లీ, బిడ్డా క్షేమము. దేవునికే మహిమ.

పని పూర్తి కాలేదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. వచ్చే వేసవిలో తనిఖీ ఉంది. చట్రం ఒకచోట తుప్పు తిన్నది. అధికారులు కాదంటే మాత్రం అడ్డదారి వెదకము. ఆ రోజు మళ్లీ కూర్చుని లెక్క చూసుకుందాము. దానికోసం ప్రార్థించండి.

ప్రియులారా, మీ జీవితంలో ఈ వారం మీరు దేనికి రంగు వేస్తున్నారు? డ్రమ్ము లోపల కారుతున్నది ఏమిటి? కోపానికి బ్రేకు ఉందా? మాటకు, ఖర్చుకు, ఫోను చూచుటకు బ్రేకు ఉందా? మీ ఇంటి పొగ ఏ రంగులో ఉందో మీ పిల్లలకు తెలుసు. ముందు ఆగడం నేర్పమని ప్రభువును అడుగుదాము. అప్పుడు ఆయన మనల్ని ఎవరి దగ్గరకు పంపినా, మన మీద ఎక్కినవారు క్షేమంగా దిగుతారు.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను దీవించి కాపాడును గాక. ఆమేన్.