చేయి లేని బంతి

క్రికెట్టు చూచి పెరిగిన కన్నులకు సాఫ్ట్‌బాల్ మైదానమున మొట్టమొదట తోచునది దూరము చాలదను భావము. బంతిని విసరు పిచర్‌కును, బ్యాటర్ కాచుకొని యుండు హోమ్ ప్లేటునకును నడుమ మహిళల పోటీలలో నుండునది 43 అడుగులు. మన పిచ్‌లో మూడింట రెండు వంతులకు ఒక అడుగు తక్కువ. విండ్‌మిల్ అని ఆటగాండ్రు పిలుచు పద్ధతిలో చేతిని భుజము చుట్టు ఒక్కమారు పూర్తిగా త్రిప్పి, తుంటి ప్రక్కనుండి వదలిన ఆ పసుపుపచ్చని బంతి, 12 అంగుళముల చుట్టుకొలతతో క్రికెట్టు బంతికంటె లావైనదే యైనను, ఉన్నతశ్రేణి మహిళల ఆటలో గంటకు 105 కిలోమీటర్ల వేగముతో వచ్చినప్పుడు, చూచుటకును, నిశ్చయించుకొనుటకును, బ్యాటు త్రిప్పుటకును కలిపి బ్యాటర్‌కు లభించు వ్యవధి సెకనులో పదింట నాలుగు వంతులు. 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి గంటకు 150 కిలోమీటర్లకు పైబడి వచ్చు బేస్‌బాల్ బంతి యిచ్చు గడువును ఇంచుమించు అంతే.

గడువు సమానమైనప్పుడు బేస్‌బాల్ వీరునకు ఈ బంతి యొక లెక్క కాదని తర్కము చెప్పును. ఆ తర్కమును 2004లో జెన్నీ ఫించ్ అను అమెరికా పిచర్ నవ్వులపాలు చేసినది. ఆ యేట జరిగిన యొక ప్రదర్శనపు ఆటలో, ఆల్బర్ట్ పూహోల్స్, మైక్ పియాజా వంటి దిట్టలు ఆమె విసరిన బంతులను బ్యాటుతో తాకలేక స్ట్రైకౌటై వెనుదిరిగిరి. బలము తక్కువై కాదు, చూపు మందగించియు కాదు. బ్యాటర్ బంతిని చూచి కొట్టుననుట సగము సత్యము. బంతి చేతిని వదలకమునుపే ఆ భుజపు వాలును, తుంటి మలుపును, మణికట్టు విరుపును చదువుకొని, అది ఎచ్చటికి రాగలదో మనస్సు ముందుగనే నిర్ణయించుకొనును. తలపైనుండి విసరు బాహువులను లెక్కకు మిక్కిలిగా చదివిన ఆ మహావీరులకు, క్రిందినుండి విసరు బాహువు తెలియని లిపియైనది.

ఇట్టి ఆటలో, చేయియే లేని యొక యంత్రమును ఎదుట నిలిపి బ్యాటింగు నేర్పబూనుట సాహసముగానే కనిపించును. అయినను ఆ సాహసము నిన్న మొన్నటిది కాదు. నాల్గవ పరిమాణమును గూర్చి గ్రంథములు వ్రాసి, నాలుగు పరిమాణముల ఘనమునకు టెస్సరాక్ట్ అని నామకరణము చేసిన గణితజ్ఞుడు చార్లెస్ హోవర్డ్ హింటన్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున బోధించుచుండిన కాలమున, 1897 ప్రాంతమున, తుపాకిమందుతో బేస్‌బాల్ బంతిని పేల్చు గొట్టము నొకదానిని నిర్మించెను. గొట్టపు మూతికడ రబ్బరు తొడిగిన వ్రేళ్లవంటి కమ్ములను అమర్చి బంతికి వంపును గూడ తెప్పించెనట. విద్యార్థులు మాత్రము దాని యెదుట నిలుచుటకు జంకిరి. ఎవ్వరికిని కానరాని పరిమాణమును ఊహింపగలిగిన బుద్ధికి, తుపాకి గొట్టమునకు ఎదురుగా బ్యాటు పట్టుకొని నిలిచిన కుఱ్ఱవాని గుండె మాత్రము ఊహకందకపోవుట విద్వల్లోకమున సహజమే.

నేటి యంత్రములలో మందు లేదు, మంట లేదు. ముక్కాలిపీటపై ఒకదానిపై నొకటిగా అమర్చిన రెండు రబ్బరు చక్రములు మోటారు బలమున ఎదురెదురుగా తిరుగుచుండును. వాని నడిమి సందులోనికి బంతిని జార్చినంతనే, అవి దానిని నొక్కిపట్టి ముందునకు చిమ్మును. క్రింది చక్రము వేగము హెచ్చించిన బంతి వెనుకకు తిరుగుచు పోయి, పడవలసినంత పడక నిలద్రొక్కుకొనును. పై చక్రము వేగము హెచ్చించిన ముందునకు తిరుగుచు ప్లేటు దగ్గర చటుక్కున దిగిపోవును. మొదటిదానికి రైజ్ బాల్ అని పేరు. అది నిజముగా గాలిలో మీదికి వంగదనియు, తుంటి యెత్తున బయలుదేరి పైముఖముగా వచ్చుచు, కన్ను ఎదురుచూచినంత క్రుంగకుండుటచేత లేచినట్లు భ్రమ గొల్పుననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానిని కొట్టబోయి గాలిని కొట్టిన బ్యాటర్లు ఈ మాట నొప్పుకొనరు.

అమెరికాలో మా బంధువుల అమ్మాయి యొకతె ఆడు జట్టు సాధన చూచుటకు పోయినప్పుడు ఈ యంత్రమును దగ్గరనుండి పరికించు నవకాశము నాకు కలిగినది. దానిని బేస్‌బాల్ యంత్రమంత యెత్తున నిలుపక, బంతి పిచర్ తుంటి మట్టమున బయటపడునట్లు కాళ్లను కుదించి నిలిపిరి. చక్రముల ఝంకారము మైదానమంతట ఏకశ్రుతిగా మ్రోగుచుండెను. ఎల్ అక్షరపు ఆకారము గల వలతెర చాటున నిలిచిన కోచ్, బ్యాటర్‌ను నిలుపకమునుపు రెండు మూడు బంతులను ఊరక వదలి గుఱి సరిచూచుకొనెను. అవి గోల్ఫ్ బంతులకు వలె గుంటలు గల యంత్రపు బంతులు. తోలు బంతుల కుట్లు చక్రములకు ఒక్కొక్కమారు ఒక్కొక్క తీరున తగులుననియు, తడిసిన బంతి జారి దారి తప్పుననియు, అందుచేత వీనిని వాడుదురనియు తెలిసికొంటిని. అంతవరకు అంతయు యంత్రవ్యవహారమే. అటుపిమ్మట ఆ కోచ్ బంతిని పైకెత్తి బ్యాటర్‌కు చూపి, ఆ చేతిని భుజము చుట్టు గిఱ్ఱున త్రిప్పి, ఆ త్రిప్పుడు ముగియు క్షణమున బంతిని సందులోనికి జార్చినది. ప్రతి బంతికిని అదే అభినయము. విసరునది చక్రమే గదా, ఈ నాట్యమెందుకని నేనడిగితిని.

"అలా తిప్పకపోతే ఎప్పుడు వస్తుందో తెలీదు తాతయ్యా. కాలు ఎప్పుడు కదపాలో తెలియాలిగా!" అని ఆ పిల్ల హెల్మెట్టు లోపలినుండి నవ్వినది.

యంత్రమునకు లేని చేతిని మనిషి అరువిచ్చుచున్నాడన్నమాట. ఆ యరువు కాలమును మాత్రమే తెలుపును. బంతి యెట్టిదో, ఎచ్చటికో తెలుపదు. భారత క్రికెట్టు జట్టు నెట్స్‌లో సైడ్ ఆర్మ్ అను పొడుగుపాటి గరిటెతో మనుష్యులచేతనే బంతులు వేయించుకొనుటకును ఇట్టి కారణము కొంత యుండవచ్చును.

మఱి యంత్రమును ఏల విడువరు? పిచర్ల భుజములు ఇనుపవి కావు గనుక. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాను పిచర్ యుకికో యుఎనో రెండు దినములలో మూడు పోటీలాడి 413 బంతులు విసరి తన దేశమునకు స్వర్ణము తెచ్చిపెట్టినది. అట్టి బాహువు లోకమున నెన్ని యుండును? ఒక జట్టునకు ఇద్దరో ముగ్గురో పిచర్లుండగా, బ్యాటర్లందఱి సాధనకును వారినే అరగదీసిన, పోటీనాటికి వారి చేతులలో నేమియు మిగులదు. యంత్రము అలయదు, విసుగుకొనదు. బంతిని బ్యాటుకు మెల్లగా తాకించి దగ్గరనే పడవేయు బంట్ వంటి సుకుమారపు పనికి, ఒకే చోటికి ఒకే వేగమున పదేపదే వచ్చు బంతి మేలైన గురువు.

ఆ గుణమే దోషమును. వచ్చు చోటు తెలిసిపోయిన పిదప బ్యాటర్ బంతిని చూచుట మానివేయును. కాలమును కంఠస్థము చేసి, అలవాటైన చోట బ్యాటు త్రిప్పి, బంతి కంచె దాటగా తాను ప్రయోజకురాలినైతినని మురియును. మఱునాడు సజీవమైన పిచర్ ఎదుట, నెమ్మదిగా వచ్చిన మొదటి బంతికే ఆ విద్య తెల్లబోవును. తెలిసిన కోచ్‌లు వేగమును మార్చుచు, యంత్రమును ముందునకు వెనుకకు జరుపుచు, ఒక్కొక్కప్పుడు అసలు కొట్టవద్దని, వచ్చిన బంతి కొట్టదగిన మేరలో పడిన స్ట్రైకో కాదో నోటితో చెప్పుమని మాత్రమే అడుగుచు ఈ జాడ్యమును కొంత తగ్గింతురు.

నా మట్టునకు, ఈ యంత్రమును జనులు బ్యాటింగు కొఱకు కొనుచున్నను, దాని నిజమైన విలువ ఫీల్డింగులోనే యున్నది. ఫంగో యను సన్నని బ్యాటుతో నేలబారు బంతులను కొట్టి ఫీల్డర్లకు తరిఫీదు ఇచ్చుట పాత పద్ధతి. అందులో కోచ్ పది బంతులు కొట్టిన పదియు పది దారుల పోవును. బేసుల నడుమ దూరము 60 అడుగులే యగుటచే, బంతి గ్లవ్‌లో ఒక్కమారు తడబడిన చాలును, పరుగెత్తు బ్యాటర్ మొదటి బేసును చేరుకొనును. ఎడమవైపు బంతి నందుకొనుటలో గ్లవ్ అడ్డముగా తిరుగు పిల్లకు, ఆ యెడమవైపునకే అదే యెగురుతో కోరినన్ని బంతులను యంత్రముకంటె ఓపికగా ఇచ్చువారు లేరు. బ్యాటు కోణమును చూచి, దెబ్బ చప్పుడు విని వేయవలసిన తొలి అడుగును మాత్రము అది నేర్పజాలదు. దానికి ఫంగోయే దిక్కు.

ఆ లోటును గూడ లేనిది క్యాచర్ విషయము. బ్యాటు అంచును ఒరసికొని నిట్టనిలువునా ఎగసిన బంతిని పట్టునప్పుడు, ప్లేటు వెనుక గొంతుకూర్చుండి యున్న క్యాచర్‌కు పిచర్ బాహువుతో పని లేదు, బ్యాటు కోణమును పరిశీలించు తీరికయు లేదు. మాస్కును పెఱికి పారవైచి, ఆకాశమున బంతిని వెదకుకొనుటయే. విపరీతముగా వెనుకకు తిరుగుచు లేచిన ఆ బంతి మొదట ప్లేటు వెనుకకు పోయినట్లే కనిపించి, దిగునప్పుడు మైదానమువైపు వంగివచ్చును. కావుననే క్యాచర్ మైదానమునకు వీపు త్రిప్పి నిలువవలెననియు, అప్పుడు బంతి తనవైపే రాగలదనియు నేర్పుదురు. దీనిని చెప్పుట సులభము; చేయించుటయే కష్టము. అట్టి బంతిని నిలువుగా కొట్టబోయి గొప్ప కోచ్‌లు సైతము వలమీదికో, తమ నెత్తిమీదికో కొట్టుకొనుట కద్దు. యంత్రపు మూతిని ఆకాశమునకెత్తి, చక్రముల వేగమును తగినట్లు సవరించి వదలిన, అదే యెత్తు, అదే త్రిప్పుడు, అదే వంపు. నేను చూచిన సాధనలో ఆ జట్టు క్యాచర్ మొదటి బంతులకు ముందునకు పరుగెత్తి, వెనుకకు పడి, దుమ్ము దులుపుకొనుచు లేచి, ఏ క్షణమున వీపు త్రిప్పవలెనో కొంతసేపటికి కనిపెట్టి, అటుపై ఒక్క బంతిని గూడ నేల తాకనీయలేదు.

జట్టుకొక్క యంత్రమే యున్నచోట దినమున మొదటి పాళి క్యాచర్‌కును, తరువాతిది బేసులకడ నిలుచు ఇన్‌ఫీల్డునకును ఇచ్చి, మిగిలిన వేళను బ్యాటర్లు పంచుకొనుట న్యాయమని నా అభిప్రాయము. ఈ మాటను మా బంధువుల పిల్లతో అంటిని. ఆమె బ్యాటర్, ఒప్పుకొనలేదు.