ముక్క ఏ సీసాలో వేశారు?

సత్యవేడు వైపు నుంచి నడుం నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్ల చేతుల్లో ఎమ్మారై ఫిల్ములకు కొదవ ఉండదు. తిరుపతిలో ఒకటి, చెన్నైలో ఒకటి తీయించుకునే వస్తారు. ఎముక ముక్క పరీక్ష రిపోర్టు మాత్రం చాలామంది దగ్గర ఉండదు.

అలాగే వచ్చాడొక రైతు. పూస కరిగింది, టీబీ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగాడు, నొప్పి తగ్గలేదు. మన దేశంలో వెన్నుపూస టీబీ ఎక్కువే కాబట్టి ఆ అనుమానం సహజం. కానీ మైలోమా అనే మజ్జ క్యాన్సర్, వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్, పచ్చిపాలతో, పశువులతో వచ్చే బ్రూసెల్లా కూడా పూసను తినేస్తాయి. టీబీ రెండు పూసలనూ మధ్య డిస్కునూ కలిపి పట్టుకుంటుందని, క్యాన్సర్ డిస్కును వదిలేస్తుందని చదువుకున్నాం. రోగం ఎప్పుడూ పుస్తకం ప్రకారం నడవదు. అందుకే సూదితో ఎముక ముక్క తీసి చూద్దామన్నాను.

"వెన్నులో సూదేస్తే కాళ్లు పడిపోతాయంట గదా సార్?" అన్నాడు కొడుకు. అందరూ అడిగేది అదే. రాబర్ట్‌సన్, బాల్ అనే వైద్యులు 1935లోనే వెన్నుపూస సూది బయాప్సీ గురించి రాశారు. ఇప్పుడు సీటీలో సూది మొన ఎక్కడుందో చూస్తూ వెళ్తాం. బోర్లా పడుకోబెట్టి, ఆ చోటికే మత్తిచ్చి, పూస వెనక ఉండే పెడికిల్ గుండా లోపలికి దింపుతాం. రక్తస్రావం, నరానికి దెబ్బ అరుదు. అసలు ఉండవని మాత్రం ఎవరికీ చెప్పను. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

అసలు జాగ్రత్త సూది బయటికి తీశాక మొదలవుతుంది. ముక్కంతా ఫార్మలిన్‌లో వేస్తే కణాలు కనిపిస్తాయి, క్రిములు చచ్చిపోతాయి. ఇక క్రిములను పెంచి చూసే కల్చర్ లేదు. అందుకే ఒక ముక్క ఫార్మలిన్‌లో, ఒకటి ఉత్త సెలైన్‌లో వేయిస్తాను. సెలైన్ ముక్కతో జీన్ ఎక్స్‌పర్ట్ చేస్తే టీబీ ఉందా, రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందా అన్నది యంత్రం దాదాపు రెండు గంటల్లో చెబుతుంది. మొండి టీబీకి పనిచేయని మాత్రలు మింగిస్తూ కూర్చుంటే వెన్నుపాము నలిగి, కాళ్లు నిజంగానే పడిపోతాయి. ఇంత కష్టపడి తీసిన ముక్క సీసా దగ్గర పాడైతే నాకు చాలా బాధేస్తుంది.

ఆ రైతుది మైలోమా. టీబీ మాత్రలు ఆపించి, క్యాన్సర్ విభాగానికి పంపాం. పోయిన నెలలు తిరిగి రావు.

ఒక్కోసారి ముక్క చాలదు, రిపోర్టు ఏమీ తేల్చదు. అప్పుడు ఇంటివాళ్లు "ఊరికే మందులు రాసివ్వండి సార్" అంటారు. నేను మాత్రం రెండోసారి సూదికి ఒప్పుకోమనే బతిమాలుతాను.