బొమ్మలకు రంగులు



సంక్రాంతికి మా యింట బొమ్మల కొలువు తీర్తుము. మా మాచర్లకు చేరువనున్న దుర్గిలో శిల్పులు చెక్కు రాతివిగ్రహములకు రంగుతో పనిలేదు. మట్టిబొమ్మకు, కొయ్యబొమ్మకు మాత్రము రంగే ప్రాణము. ఆ రంగులను నేనే కలుపుకొందును. ఏలనన, కొలువు ఎత్తిన మఱునాడే ఆ బొమ్మలు పసిపిల్లల చేతికి, చేతినుండి నోటికి పోవును.

పూర్వులు వాడినవన్నియు నిరపాయములని తలపరాదు. సిందూరమున సీసము, ఇంగిలీకమున పాదరసము, హరిదళమున పాషాణము గలవు. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో మన దేశమున చేసిన నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కాని పొట్లము కట్టి యిచ్చు పొడిరంగునకు పేరును లేదు, చీటియు లేదు.

నేను ఎఱుపునకు జేగురు, నలుపునకు దీపపు మసి, నీలమునకు నీలిమందు, తెలుపునకు సుద్ద వాడుదును. పసుపును సున్నపు పూతపై వేసినచో పారాణివలె ఎఱ్ఱబారును. సుద్దపై వేసినను ఎండకు వెలిసిపోవును. అందుచే పసుపుపచ్చని మన్నే మేలు. వీనిని నానిన తుమ్మజిగురుతో కలుపవలెను. జిగురురంగు తడికి కరగును గనుక, కరగునది యేదో మనకు తెలిసియుండవలెను.

ఆరబెట్టుటలో తొందర కూడదు. పచ్చిబొమ్మను ఎండలో నుంచిన పైమట్టి ముందుగా ఎండి ముడుచుకొని బీటలు వాఱును. నీడలో గాలికి ఆఱవలెను. ధనుర్మాసపు మంచులో రాత్రులు బయట నుంచరాదు. చేతికి చల్లగా తగిలినచో లోపల తడి యున్నదన్నమాట. ఆ తడిమీద రంగు వేసిన, చెమ్మ పైకి వచ్చుచు రంగును పొరలుగా లేపును. కొండపల్లి పనివారును పొణికికొయ్యను ఆరబెట్టి, చింతగింజల పొడియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, తెల్లపూత ఆఱిన పిదపనే రంగులు దిద్దుదురు.

"అత్తయ్యగారూ, అంగడిబొమ్మలు ఇంతకంటె మెఱయుచున్నవి గదా!" యని మా కోడలు ఒకనాడనినది.

"నిజమే, తల్లీ. కాని నీ బిడ్డకు పండ్లు వచ్చుచున్నవి, దొరికినదెల్ల కొఱుకును. ఏటికొప్పాకలో చెట్టుచేమల రంగులను లక్కలో కలిపి చేయు బొమ్మలు మెఱయుట లేదా? ఆ విద్యను నిలబెట్టినందుకే గదా సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది!" అంటిని.

ఆమె మాఱు పలుకక జేగురు నూఱుటకు కూర్చున్నది.

బొమ్మలు కొనునపుడైనను, "ఈ రంగులో నేమున్నది?" అని యడుగుడు. అమ్మువాడు చెప్పలేని రంగును బిడ్డ చేతికీయకుడు.