ఇంటూ మార్కున్న చోట సంతకం

ఆ మధ్య నాన్నకి యాంజియోగ్రామ్ చేయించాం. గుండెపోటేం కాదు, నడిస్తే ఛాతీలో బరువు. పొద్దున్నే నర్సొచ్చి నాలుగు కాగితాలు చేతిలో పెట్టింది. అన్నీ ఇంగ్లీషే, చీమ తలకాయంత అక్షరాలు. "ఇంటూ మార్కున్న చోటల్లా సంతకం పెట్టండి సార్, ఫార్మాలిటీయే" అంది. నాన్న కళ్ళజోడు వెతుక్కుంటూ "ఏం రాసుందిరా?" అన్నారు. "ఏం లేదు నాన్నా, మామూలే" అన్నాను. నేనూ చదవలేదు. 'ఐ అగ్రీ' నొక్కినట్టు పెట్టేశాను. ఆ తెరలు తయారుచేసి బతికేవాణ్ణి, వాటిని ఎవరూ చదవరని నాకు తెలీదా :)

గంట తర్వాత డాక్టరుగారు లోపలికి పిలిచి తెరమీద బొమ్మ చూపించారు. "ఇక్కడ మూసుకుపోయింది. స్టెంటు వేసేద్దాం. పేషెంటు టేబుల్ మీదే ఉన్నారు, త్వరగా చెప్పండి." సరేనన్నాను. ఇంకేమంటాను?

మర్నాడు నాన్న మెల్లగా అడిగారు. "నేను మెలకువగానే ఉన్నాను కదరా. నన్నెందుకు అడగలేదు?"

నిజమే. ఆ పరీక్షకి గొట్టం పెట్టే చోట మాత్రమే మొద్దుబారుస్తారు. ఆయన పదడుగుల దూరంలో అన్నీ వింటూ పడుకునున్నారు. ఆయన గుండె సంగతి నన్నడిగారు, నేను చెప్పేశాను.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది. పరీక్షకిచ్చిన అంగీకారం చికిత్సకి ఇచ్చినట్టు కాదని మన సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు, సొంతంగా నిర్ణయించుకోగల మనిషి బదులు బంధువు సరేనంటే చాలదని కూడా. రెంటికీ కలిపి ముందే తీసుకోవచ్చు, కానీ వివరించి తీసుకోవాలి.

ముందురోజు సాయంత్రమంతా ఆ గదిలో టీవీ సీరియళ్ళు చూపిస్తూనే ఉంది. అదే టీవీలో ఓ ఎనిమిది నిమిషాలు తెలుగులో చెప్తే ఏం పోయేది? మణికట్టులోంచి గొట్టం ఎలా వెళ్తుందో, రంగుమందు ఎక్కగానే ఒళ్ళు వేడెక్కినట్టు ఎందుకుంటుందో, అడ్డు కనిపిస్తే అప్పుడే స్టెంటు వేయాలా లేక బయటికొచ్చి ఆలోచించుకోవచ్చా, మందులూ బైపాసూ ఎవరికి సరిపోతాయో. అర్థంకాకపోతే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. నూరోసారి చెప్పినా వీడియోకి విసుగు రాదు. నాన్న తన జవాబు సిద్ధం చేసుకునే టేబుల్ ఎక్కేవారు.

వీడియో మనకి కొత్తేం కాదు. కొత్త మందుల ప్రయోగాల్లో అంగీకారం తీసుకునే తతంగాన్ని రికార్డు చెయ్యాలని 2013లోనే ఆదేశాలొచ్చాయి (తర్వాత కొన్నిరకాల ప్రయోగాలకే పరిమితం చేశారు). అది చెప్పామనడానికి సాక్ష్యం. అర్థమవడానికి సాయం వేరే సంగతి.

నా భయమల్లా ఒకటే. 'వీడియో చూశాను, అర్థమైంది' అని దానికీ ఓ ఇంటూ మార్కు పెడతారు. పైగా ఆ వీడియో ఆస్పత్రివాళ్ళ ప్రకటనలా తయారైతే అది లేకపోవడమే నయం. చూశాక అడగడానికి ఎదురుగా ఓ మనిషి ఉండాలి.

వచ్చే నెల అమ్మకి శుక్లాల ఆపరేషను. తెలుగు వీడియోలు రెండు చూపించాను. క్యాలెండరు కాగితం వెనక ఏడు ప్రశ్నలు రాసుకుంది, అందులో మూడు లెన్సు ధర గురించే. సంతకం కాగితాలు ముందే ఇమ్మని ఆస్పత్రిలో అడిగాను. "అలా ఎవరూ అడగరండీ" అంది కౌంటర్లో అమ్మాయి. ఇచ్చింది మాత్రం.