ఎనభై ఏడో వంతు

నాకు మోడల్ రైళ్ళు కొని దాచుకునే అలవాటుంది. ఈ మాట ఎక్కడ చెప్పినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే - "మనవడికా?" కాదు, నాకే అంటే కాసేపు నవ్వుతారు. ఆ తర్వాత "ఓహో, మీవారికి రైళ్ళంటే ఇష్టమా?" అంటారు. నా పక్కన ఒక మనవడినో మొగుడినో నిలబెడితే తప్ప ఆ ఇంజను నా చేతిలో ఎందుకుందో వాళ్ళకి అర్థం కాదు.

నాకు అరవై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీలో చరిత్ర చెప్పాను. ఇదే వయసున్న మగవాడు పాత గడియారాలో, కెమెరాలో, తపాలా బిళ్ళలో పోగేస్తే "ఆయనకదో హాబీ" అని గౌరవంగా చెప్పుకుంటాం. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి అదే "ముచ్చట" అయిపోతుంది. ముచ్చటంటే దాన్ని తీర్చేవాళ్ళు ఇంకొకరుండాలి. తండ్రో, మొగుడో, కొడుకో. హాబీకి అలా ఎవరూ అక్కర్లేదు. చేతిలో డబ్బు, కాస్త తీరిక, ఇంట్లో కాస్త చోటు ఉంటే చాలు. ఈ మూడూ మనలో ఎంతమందికి ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

మోడల్ రైలంటే కీ ఇచ్చి నేలమీద వదిలే బొమ్మ కాదు. అసలు రైలుని లెక్క ప్రకారం కుదించి చేసిన నమూనా. ఎక్కువమంది సేకరించేది హెచ్‌.ఓ. స్కేలు. అంటే అసలులో ఎనభై ఏడో వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చోటు చాలనివాళ్ళు ఎన్ స్కేలుకి వెళ్తారు. అది నూట అరవయ్యో వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లే. కరెంటు పట్టాల్లోంచే వస్తుంది. ఇప్పటి డిజిటల్ ఇంజన్లలో చిన్న డీకోడరుంటుంది. ఒక్కో ఇంజనుకీ ఒక్కో నెంబరు. ఒకే పట్టా మీదున్న రెండు ఇంజన్లని రెండు వేగాలతో నడపొచ్చు. కొనేముందు చూసుకోవలసింది ఇంకోటుంది. జర్మనీ కంపెనీ మార్‌క్లిన్ వాళ్ళ హెచ్‌.ఓ. ఇంజన్లు పట్టాల నడుమ ఉండే చిన్న చిన్న మేకుల వరస నుంచి కరెంటు తీసుకుంటాయి. మిగతావి చాలావరకు రెండు పట్టాల నుంచే తీసుకుంటాయి. దాని పట్టా మీద ఇది నడవదు, దీని పట్టా మీద అది నడవదు.

మన రైళ్ళకి ఇందులో ఒక చిక్కుంది. ఆ 16.5 మిల్లీమీటర్లు అన్నది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజిని ఎనభై ఏడుతో భాగిస్తే వచ్చిన కొలత. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. న్యాయంగా కుదిస్తే మన రైలుకి 19 మిల్లీమీటర్లు దాటిన పట్టా కావాలి. రెడీమేడ్‌గా దొరికేదేమో ఆ 16.5 పట్టా. అందుకని మన ఇంజన్లు చేసుకునేవాళ్ళు చాలామంది ఒళ్ళంతా మన కొలతలోనే చేసి, చక్రాలు మాత్రం పరాయి కొలతలో బిగిస్తారు. ఎవరి కొలతలకో కుట్టిన జాకెట్లో ఇమిడిపోవడం మనకేమీ కొత్త కాదు కదా!

మా నాన్న రైల్వేలో గార్డు. బెజవాడ రైల్వే క్వార్టర్లలో పెరిగాం. ముక్కు దగ్గర బుల్లెట్‌లా నున్నగా, నడిబొడ్డున నక్షత్రంతో డబ్ల్యు.పి. ఇంజను ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే ఒళ్ళు జలదరించేది. నాన్న అన్నయ్యని షెడ్డుకి తీసుకెళ్ళి ఇంజనెక్కించి చూపించారు. నేనూ వస్తానంటే "నువ్వెందుకమ్మా, మసి అంటుకుంటుంది" అన్నారు. మసి అన్నయ్య చొక్కాకీ అంటుకుంది. ఉతికింది అమ్మ. రైలు మనిషిని పెళ్ళి చేసుకుని, రైలు చప్పుడులో నలుగురు పిల్లల్ని పెంచిన మా అమ్మ ఒంటరిగా రైలెక్కి ఎక్కడికీ వెళ్ళలేదు. పాసు నాన్నది. అందులో ఆమె "భార్య".

అమ్మకి మాత్రం సొంత లోకం ఒకటుండేది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. కొండపల్లి మాకు దగ్గరే. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కే గీత మనిషి... తెల్లపొణికి కర్రతో చేసిన ఆ బొమ్మలు చేతిలో పెట్టుకుంటే బరువే ఉండేవి కావు. ఏటా కొత్త బొమ్మ ఒకటైనా చేరాలన్నది ఆనవాయితీ. పాలవాడి లెక్కలోంచీ చీటీలోంచీ మిగిల్చిన డబ్బుతో కొనేది. రెండొందల బొమ్మలు దాటాయి. ఏది ఏ సంవత్సరం కొన్నదో, ఎంతకి బేరం తెగిందో అన్నీ నోటికి చెప్పేది. వెతకడం, బేరమాడడం, జతలు కుదర్చడం, పాతచీర ముక్కల్లో చుట్టి వేపాకు వేసి దాచడం, ఏడాదికోసారి మెట్లు కట్టి పదిమందికీ చూపించడం. సేకరణ చేసేవాళ్ళు చేసే పని ఇంతకన్నా ఏముంటుంది? కానీ దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అది "ఆడవాళ్ళ పండగ ముచ్చట".

కొలువుని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. మా వీధి పేరంటాలకి ఎవర్ని పిలవాలో కులం చెప్పేది. ఎవర్ని పిలవకూడదో వైధవ్యం చెప్పేది. 1987లో నాన్న పోయాక అమ్మ కొలువు పెట్టలేదు. వద్దని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమే లేకపోయింది. పెట్టెలు అటకెక్కాయి. 2014లో అమ్మ పోయాక దించి చూస్తే సగం బొమ్మలు చెదలు తినేశాయి. డబ్బు కూడబెట్టింది ఆమె, కొన్నది ఆమె, కాపాడింది ఆమె. వాటిని మెట్ల మీద పెట్టుకుని చూసుకునే హక్కు మాత్రం నాన్న ఊపిరితో ముడిపడి ఉందన్నమాట!

2010లో ఒక సెమినార్‌కి జర్మనీ వెళ్ళినప్పుడు పాత సామాన్ల సంతలో పన్నెండు యూరోలు పెట్టి ఒక గూడ్సు పెట్టె కొన్నాను. నా మొదటి కొనుగోలు అదే. దాని అడుగున మార్‌క్లిన్ అని ఉంది. చరిత్ర పాఠం చెప్పే అలవాటు ఊరుకోనివ్వదు కదా, ఆ కంపెనీ కథ చదివాను.

అది 1859లో గోపింగెన్ అనే ఊళ్ళో మొదలైంది. అప్పట్లో చేసింది రైళ్ళు కాదు, ఆడపిల్లలు ఆడుకునే బొమ్మ వంటింటి సామాన్లు. రేకు పని థియోడోర్ మార్‌క్లిన్ చేస్తే, సరుకు పట్టుకుని ఊరూరా తిరిగి అమ్మింది అతని భార్య కరోలీన్. 19వ శతాబ్దంలో ఒక ఆడమనిషి సేల్స్ ఏజెంటుగా దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండు తిరగడమంటే మాటలు కాదు. 1866లో భర్త పోయాడు. ఆమె వ్యాపారం మూసెయ్యలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఈడ్చుకొచ్చింది. 1888లో కొడుకుల చేతికి వచ్చింది. అప్పుడు కంపెనీకి పెట్టిన పేరేమిటో తెలుసా? "మార్‌క్లిన్ సోదరులు". 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా, ఏటేటా పెంచుకుంటూ పోగలిగే రైలుని చూపించి వాళ్ళు ప్రపంచానికి తెలిశారు. బొమ్మ వంటింటి మీద, తల్లి కాళ్ళ మీద నిలబడ్డ కంపెనీ మగపిల్లల రైళ్ళకి మారుపేరైంది. రెండేళ్ళకి, 1893లో కరోలీన్ చనిపోయింది.

ఇది చదివిన రోజు అమ్మ అటక గుర్తొచ్చింది. భర్త పోయినా కరోలీన్ సరుకు ఆగలేదు, అమ్మ బొమ్మలు ఆగిపోయాయి. అయినా చివరికి బోర్డు మీద ఇద్దరి పేరూ లేదు.

బొమ్మల దుకాణాలు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఎలా విడదీశాయో చూడాలంటే అమెరికాకి వెళ్ళాలి. అక్కడి లయొనెల్ కంపెనీ 1957లో ఆడపిల్లల కోసమని ప్రత్యేకంగా ఒక రైలు సెట్టు తెచ్చింది. ఆవిరి ఇంజను గులాబీ రంగు. వెనక పెట్టెలు లేత నీలం, లేత ఊదా, వెన్నముద్ద పసుపు. అది అమ్ముడుపోలేదు. రైలు కావాలనుకున్న పిల్ల నల్లటి ఇంజను అడుగుతుంది గానీ పుట్టినరోజు కేకుని అడగదు కదా! తమాషా ఏమిటంటే, తక్కువ అమ్ముడుపోయింది కాబట్టే ఇవాళ సేకరించేవాళ్ళు దానికి బోలెడు డబ్బు పోస్తున్నారు. ఆడపిల్లలు వద్దన్నది మగవాళ్ళ అద్దాల బీరువాలో చేరింది.

ఇక డబ్బు సంగతి. మన కస్టమ్స్ సుంకాల పుస్తకంలో స్కేలు మోడళ్ళూ బొమ్మలూ ఒకే పద్దు, 9503. బొమ్మల మీద 20 శాతం ఉన్న సుంకం 2020లో 60 అయింది, 2023లో 70 అయింది. మన బొమ్మల పరిశ్రమని కాపాడడానికి అన్నారు. ఏటికొప్పాక, కొండపల్లి వాళ్ళు నాలుగు రోజులు ఎక్కువ బతుకుతారంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ తర్వాత నేను తెప్పించుకున్న ఒక్క ఇంజను, సుంకంతో కలిపి, ఇరవై రెండు వేలయింది. నా పెన్షన్‌లోంచి కట్టాను. "ఆ డబ్బు పెట్టి బంగారం కొనుక్కుంటే పెరిగేది కదా వదినా!" అంది మా ఆడపడుచు. ఆమె మాటలో లోకజ్ఞానం ఉంది. ఆడవాళ్ళు పోగెయ్యకూడదని ఎవరూ అనరు. బంగారం పొయ్యచ్చు, పట్టుచీరలు పొయ్యచ్చు, స్టీలు సామాను పొయ్యచ్చు. అవి రేపు కూతురి పెళ్ళికి పనికొస్తాయి, కొడుకు చదువుకి తాకట్టుకి పనికొస్తాయి. ఎవరికీ పనికిరానిది, నాకు మాత్రమే సంతోషం ఇచ్చేది కొంటేనే దుబారా.

వర్జీనియా వుల్ఫ్ 1929లో సొంత గది గురించీ, ఏడాదికి ఐదొందల పౌన్ల గురించీ రాసినప్పుడు రాసుకునే ఆడవాళ్ళని తలుచుకుంది. ఊరికే ఆడుకోవాలనుకునే ఆడవాళ్ళకి కూడా ఆ రెండూ కావాలి. మాది రెండు పడకగదుల ఫ్లాటు. రెండోది చుట్టాల గది. అందులో మంచం తీసేసి ఎనిమిదడుగుల ప్లైవుడ్ బల్ల వేయిస్తానంటే మావారు "చుట్టాలొస్తే?" అన్నారు. "హాల్లో పడుకుంటారు. ముప్పై ఏళ్ళుగా చుట్టాలొచ్చినప్పుడల్లా హాల్లో పడుకున్నది నేనే" అన్నాను. ఆయన మాట్లాడలేదు. మర్నాడు వడ్రంగికి ఫోన్ చేసింది మాత్రం ఆయనే.

మన ఐ.సి.ఎఫ్. పెట్టె ఎనభై ఏడో వంతులో దాదాపు ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లుంటుంది. ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ కావాలంటే పందొమ్మిది అడుగులు కావాలి. నా బల్ల మీద నాలుగు పెట్టెలే నడుస్తాయి. చాలు.

చిన్న స్టేషను కట్టాక మనుషుల కోసం వెతికాను. విదేశాల నుంచి వచ్చిన ఆరుగురి పెట్టెలో ఇద్దరే ఆడవాళ్ళు. ఒకామె చంకలో బిడ్డ, ఒకామె చేతిలో ఊపే రుమాలు. రైలు రావడానికీ పోవడానికీ సాక్షులు! మన స్టేషన్లలో ఆడవాళ్ళు అలా నిలబడి ఉంటారా? పట్టాల కింద కంకర సర్దేవాళ్ళు, గేటు వేసేవాళ్ళు, ప్లాట్‌ఫారం ఊడ్చేవాళ్ళు, జామకాయల గంపతో పెట్టె పెట్టెకీ పరిగెత్తేవాళ్ళు. 1980ల చివర్లో సురేఖా యాదవ్ డ్రైవరుగా ఇంజనెక్కింది. 2011 మార్చి 8న దక్కన్ క్వీన్ నడిపింది. అందుకని ఆ బొమ్మలనే తీసుకుని, గౌన్లు గీకి, జిగురులో తడిపిన టిష్యూ కాగితంతో చీరలు కట్టడం మొదలుపెట్టాను. ఐదడుగుల రెండంగుళాల మనిషి ఈ లెక్కలో పద్దెనిమిది మిల్లీమీటర్లుంటుంది. మొహం ఒక ఆవగింజ. దానికి బొట్టు పెట్టాలా వద్దా అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

పట్టా పని చేసే మనిషికి కొంగు ఎలా ఉంటే బాగుంటుందని మా ఇంట్లో పనిచేసే ఆమెని అడిగాను. చీపురు పక్కన పెట్టి, కొంగు వెనకనుంచి తిప్పి నడుముకి బిగించి దోపి చూపించింది. "పని మీదున్నోళ్ళు కొంగొదులుతారామ్మా!" అంది. తర్వాత ఇంజను ఖరీదు అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఏమీ అనలేదు, చీపురందుకుంది. ఆ మౌనానికి నా దగ్గర జవాబు లేదు. నా తీరికలో కొంత ఆమె రెక్కల కష్టం నుంచి వచ్చింది. సొంత గది గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ గది ఊడ్చే చేతులకి గది ఎక్కడుందని కూడా అడగవలసిందే. అలాగని ఆడవాళ్ళ సంతోషాలన్నీ అందరి కష్టాలూ తీరేదాకా వాయిదా వెయ్యాలంటే నేనొప్పుకోను. మగవాళ్ళనెవరూ అలా ఆగమనలేదు. ఆమె జీతం, ఆమె ఆదివారం సెలవు మాత్రం వాయిదా వెయ్యకూడదు. అది నా చేతిలో ఉన్న పని.

అమ్మ లెక్కలన్నీ నోట్లోనే ఉండి ఆమెతోనే పోయాయి. ఏ బొమ్మ ఏ ఏటిదో ఇప్పుడు మాకెవరికీ తెలియదు. అందుకే నేనొక రిజిస్టరు రాస్తున్నాను. నాన్న డ్యూటీ పుస్తకంలో ఉన్నట్టే గళ్ళు కొట్టుకున్నాను. వస్తువు, కంపెనీ, స్కేలు, కొన్న తేదీ, ఖరీదు, ఎవరి డబ్బు. ఆ చివరి గడిలో ప్రతిసారీ ఒకటే మాట రాస్తాను - "నాది". ఇప్పటికి నూట పదకొండు వరసలయ్యాయి. చెదలు తినకుండా మిగిలిన అమ్మ బొమ్మల్ని కూడా అందులో ఎక్కించాను. తేదీ గడి ఖాళీగా వదిలేశాను. ఎవరి డబ్బు అన్నచోట అమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. అది ఆమె పుట్టింటి ఇంటిపేరు.