లోలకం ఆగనివ్వండి

విండోస్ ఎక్స్‌పీలో పిన్‌బాల్ ఆడినవాళ్లు మన బ్యాచ్‌లో కొంతమందైనా ఉంటారు. జెడ్ నొక్కితే ఎడమ ఫ్లిప్పర్, స్లాష్ నొక్కితే కుడి ఫ్లిప్పర్. చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ అందులో బల్లని కూడా ఊపొచ్చు. ఎక్స్, ఫుల్‌స్టాప్, పై బాణం, ఈ మూడు కీలు అందుకే ఉన్నాయి.

ఈ సంగతి నాకు హనుమాన్ జంక్షన్‌లో మా మామయ్య జిరాక్స్ షాపులో తెలిసింది. నూజివీడు బస్సు, గుడివాడ బస్సు కోసం చూసేవాళ్లు ఆధార్ కాపీలకి వస్తూ పోతూ ఉండేవారు. షాపులో ఓ మూల ఉన్న పాత కంప్యూటర్ వేసవి సెలవుల్లో మాది. ఓ రోజు వేలు పొరపాటున ఎక్స్ మీద పడింది, చేజారిపోయే బంతి పక్కకి జరిగి బతికింది. ఇంకేముంది, అదే పనిగా నొక్కాను. స్క్రీన్ మీద టిల్ట్ అని వచ్చింది, ఫ్లిప్పర్లు పనిచెయ్యడం మానేశాయి, బంతి నా కళ్లముందే కిందకి జారిపోయింది.

క్యారమ్స్‌తో పెరిగిన మనకి ఇది వింతే. మన దగ్గర బోర్డుకి మోచెయ్యి తగిలినా గొడవే. "బోర్డు కదిపావ్, మళ్లీ పెట్టు" అంటారు. పిన్‌బాల్‌లో మాత్రం ఊపడం మోసం కాదు, ఆటలో భాగం. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నాణెం వేసి ఆడే పిన్‌బాల్ మెషిన్లు అమెరికాలో 1931 ప్రాంతంలో బాగా పాకాయి. అప్పట్లో వాటికి ఫ్లిప్పర్లే లేవు. ఫ్లిప్పర్లతో మొదట వచ్చింది గాట్లీబ్ కంపెనీ 1947లో తెచ్చిన హంప్టీ డంప్టీ. అంతకు ముందు స్ప్రింగ్ లాగి బంతిని వదిలాక ఆడేవాడి చేతిలో ఉన్నది ఒక్కటే, మెషిన్‌ని ఊపడం. కొందరు ఊపడంతో ఆగక ఎత్తి కుదేసేవాళ్లు. దానికి విరుగుడుగా హ్యారీ విలియమ్స్ అనే డిజైనర్ 1930లలో టిల్ట్ ఏర్పాటు కనిపెట్టాడు. తర్వాత అది లోలకం రూపంలో స్థిరపడింది. మెషిన్ లోపల ఒక గుండు వేలాడుతుంది, దాని చుట్టూ ఒక లోహపు రింగు. మెల్లగా ఊపితే గుండు రింగుని తాకదు. గట్టిగా ఊపితే తాకుతుంది, సర్క్యూట్ పూర్తవుతుంది. ఇప్పటి మెషిన్లు చాలావరకు ఒకటి రెండు హెచ్చరికలు ఇచ్చి ఆ తర్వాతే టిల్ట్ చేస్తాయి. టిల్ట్ అయితే ఆ బంతి పోతుంది, దానితో రావాల్సిన బోనస్ కూడా పోతుంది.

మనం ఆడిన ఎక్స్‌పీ ఆటలో గుండు లేదు, ఒక వేరియబుల్ ఉంది. ఆ ఆటని డీకంపైల్ చేసిన కోడ్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఓసారి చూడండి. ఊపుతున్నంతసేపూ ఒక లెక్క గబగబా పెరుగుతుంది. ఊరుకుంటే నెమ్మదిగా తగ్గుతుంది. సగం దాటితే జాగ్రత్త అని హెచ్చరిక, ఒకటి దాటితే టిల్ట్. నాకు బాగా నచ్చింది పెరిగే వేగం, తగ్గే వేగం ఒకటి కాకపోవడం. నిజం లోలకం కూడా అంతే కదా, ఒక్క తోపుకి ఊగుతుంది, ఆగడానికి మాత్రం టైమ్ తీసుకుంటుంది.

ఇక మర్యాదలు. నేను నిజం మెషిన్ ఎప్పుడూ ముట్టుకోలేదు, చదివిందీ వీడియోల్లో చూసిందే చెప్తున్నా. బంతిని కాపాడుకోడానికి ఊపు, కోపం తీర్చుకోడానికి కాదు. అద్దం మీద గుద్దకు. పక్క మెషిన్‌కి తగలకు. వేరేవాళ్లు ఆడుతుంటే వాళ్ల మెషిన్ మీద చెయ్యి వెయ్యకు. పోయిన బంతిని మెషిన్‌ని కుదిపి వెనక్కి తెచ్చే ట్రిక్కులు కొన్ని ఉన్నాయి, పోటీల్లో వాటిని ఒప్పుకోరు.

వీటన్నిటికంటే నన్ను ఆపింది ఇంకోటి. ఒకే మెషిన్ మీద ఇద్దరు వంతులవారీగా ఆడుతున్నారనుకోండి. మొదటివాడు గట్టిగా ఊపి టిల్ట్ చేశాడు. వాడి వంతు అయిపోయింది, కానీ లోపల గుండు ఇంకా ఊగుతూనే ఉంది. రెండోవాడు వెంటనే బంతి వదిలితే, వాడు మెషిన్‌ని కదపకపోయినా టిల్ట్ పడొచ్చు. దీన్ని టిల్ట్ త్రూ అంటారు. తప్పు ఒకడిది, పోయే బంతి ఇంకొకడిది. అందుకే గుండు ఆగేదాకా కాసేపు ఆగి బంతి వదలడం మర్యాద. ఆ ఆగే టైమ్ ఇవ్వడం చుట్టూ ఉన్నవాళ్ల బాధ్యత కూడా.

ఇది చదివినప్పుడు నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు.

నా ఈఏపీసెట్ ర్యాంకు ఇంట్లో అనుకున్న చోటుకి చాలా దూరంగా వచ్చింది. దాదాపు అదే రోజుల్లో తమ్ముడు విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చేరాడు. నా వంతు అయిపోయింది, ఇల్లు మాత్రం ఊగడం ఆగలేదు. వాడు ఇంకా ఒక్క పరీక్ష కూడా రాయకముందే "నీకైనా మంచి ర్యాంకు రావాలిరా" అన్నారు అందరూ. ఆ "నీకైనా" వాడిది కాదు. నా బంతి నుంచి మిగిలిన ఊపు అది. ఇప్పుడు వాడు సెకండ్ ఇయర్. ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు, నాన్న మొదటి ప్రశ్న వీక్లీ టెస్ట్ మార్కులు. పోయిన నెల నుంచి వాడు "ఆ, బానే ఉన్నా" అని తప్ప ఇంకేం చెప్పట్లేదు. నాకది హెచ్చరికలాగే వినిపిస్తోంది.

నాన్నకి ఫోన్ చేసి, "కొన్ని వారాలు మార్కులు అడక్కు నాన్నా, తిన్నాడా, పడుకుంటున్నాడా, అంతే అడుగు" అన్నా.

"అడక్కపోతే ఎట్లారా? వాడి మంచి కోసమే కదా" అన్నాడు.

ఆయన చెప్పింది పూర్తిగా కొట్టిపారెయ్యలేను. అసలు ఊపకపోతే కొన్ని బంతులు నేరుగా రెండు ఫ్లిప్పర్ల మధ్యలోంచి పోతాయి. పొద్దున్నే లేపడం, ఫీజు కట్టి పంపడం, నాలుగు మాటలనడం, ఇవన్నీ లేకుండా నేనూ ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదు. నేను అడిగింది ఊపడం మానెయ్యమని కాదు. మళ్లీ ఊపే ముందు గుండు ఆగిందో లేదో చూడమని, అది కూడా నా ఊపు.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈ ఆదివారం నువ్వే ముందు మాట్లాడు వాడితో" అన్నాడు.

వాడి ఈఏపీసెట్ ఇంకా కొన్ని నెలలుంది. ఆదివారం ఏం మాట్లాడాలో ఇంకా అనుకోలేదు. మార్కుల గురించి మాత్రం కాదు.