చాపరాయి దగ్గర

డుంబ్రిగుడ దగ్గర చాపరాయిలో, వాలుగా పరుచుకున్న బండమీద వాగునీరు జారిపోతోంది. మావాడు సీసా నింపాడు. "నాన్నా! మన తొట్టెలో పోద్దామా?"

నా గుండె ఝల్లుమంది. విశాఖలో మా ఇంట్లో పగడపు దిబ్బల చేపల ఉప్పునీటి తొట్టె ఉంది. పోయిన ఏడు మురికిపట్టిందని నీళ్లన్నీ ఒక్కసారే మార్చేశాను. ఉప్పూ వేడీ హఠాత్తుగా మారితే చేప ఓర్వలేదని తెలియలేదు. తెల్లారేసరికి రెండూ తేలాయి. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు వారానికి పదోవంతే మారుస్తున్నాను. లీటరుకు సుమారు 35 గ్రాములు సముద్రపు ఉప్పు మిశ్రమం (వంటింటి ఉప్పు పనికిరాదండోయ్!). ఆవిరైనంత మేరకు మాత్రం ఉప్పులేని శుద్ధజలమే. ఉప్పు ఆవిరి కాదుగా!

"వాగునీరు వద్దురా" అన్నాను. వాడు సీసా వాగులోనే వంచేశాడు.